అరికాలి తీర్పు

ఈ కథలో ఆవగింజంత అబద్ధం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. నమ్మేవాళ్లు నిశ్చింతగా వింటారు. నమ్మనివాళ్లు నేనెక్కడ దొరికిపోతానా అని ఇంకాస్త శ్రద్ధగా వింటారు. ఎటు తిరిగీ లాభం నాకే.

గచ్చు పనివాళ్లలో అరికాలు మేస్త్రి అని ఒకడుండేవాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉండే ఉంటుంది గాని, అది వాడక తుప్పుపట్టిపోయింది. మొజాయిక్ గచ్చు పోసి, ఆరాక నీళ్లు చల్లుతూ మిషన్‌తో అరగదీసి, మొహం కనిపించేలా నున్నగా చేయడం అతని వృత్తి. నున్నగా అయిందో లేదో మిగతా మేస్త్రీలు కళ్లతో చూసేవాళ్లు. కొందరు గోలీ దొర్లించి చూసేవాళ్లు. ఇతను మాత్రం మిషన్ ఆపించి, కాళ్లు కడుక్కుని, కళ్లు మూసుకుని, ఆ చివర నుంచి ఈ చివరకు ఉత్త పాదాలతో నడిచేవాడు. అరికాలు ఎక్కడ ఆగితే అక్కడ వంగి సుద్దముక్కతో సున్నా చుట్టేవాడు. ఆ సున్నాలో గరుకో, గీతో, వెంట్రుకవాసి ఎత్తో ఉన్నట్టు లెక్క. దానికి అప్పీలు లేదు. ఏడు తివాచీలు ఒకదాని మీద ఒకటి పరిచి అడుగున ఒక తలవెంట్రుక పెడితే, పైన నిలబడి, వెంట్రుక ఉందనడమే కాదు, అది ఆడవాళ్లదో మగవాళ్లదో కూడా చెప్పేవాడు. నెరిసిన వెంట్రుకైతే వయసు కూడా చెప్పేవాడు.

అతనికి ఒక బావమరిది, భార్యకు స్వయానా తమ్ముడు. మిషన్ పట్టేది ఇతనే. ఆ మిషన్ మాట వినని దున్నపోతులాంటిది. ఇటు లాగితే అటు పోతుంది. దాని రెండు కొమ్ములూ పట్టుకుని సున్నా చుట్టిన చోటల్లా తిప్పడమే బావమరిది బతుకు. మీసాలు రాకముందు పట్టుకున్న కొమ్ములు, మీసాలు నెరిసినా వదల్లేదు. కథంతా మనం ఇతని పక్కనే నిలబడి చూస్తాం. ఎందుకంటే మేస్త్రి కళ్లు మూసుకుని నడుస్తాడు. చూడాల్సిన భారమంతా ఇతనిదే.

ఒక పెద్దాసుపత్రికి కొత్త భవనం కడుతున్నారు. అందులో గచ్చంతా వీళ్ల చేతికి వచ్చింది. పాత భవనానికీ కొత్త భవనానికీ మధ్య ఒక ఖాళీ జాగా, ఇసుక కుప్ప, నీళ్ల డ్రమ్ము. మేస్త్రి ఆ డ్రమ్ము దగ్గరే కాపురం పెట్టినట్టు మాటిమాటికీ వెళ్లి చెంబులకు చెంబులు తాగడం మొదలెట్టాడు. తాగి వచ్చి నిలబడకముందే చాటుకు పరుగు.

"గచ్చుకు పోయాల్సిన నీళ్లన్నీ నువ్వే తాగేస్తే మిషన్ దాహంతో చస్తుంది బావా" అన్నాడు బావమరిది.

"నా దాహం సంగతి నీకెందుకురా? నీ అక్క చేసే కూరల్లో ఉప్పు అలాంటిది."

"అక్క ఉప్పుకి మనిషి సగమవుతాడా? నీ ప్యాంటు చూడు, వేరేవాళ్లది ఎత్తుకొచ్చినట్టుంది."

ఆ మాట అక్క చెవిన పడింది. మర్నాడే ఆవిడ మొగుణ్ని పాత భవనంలో డాక్టరు ముందు నిలబెట్టింది. ఊరికే కాదు. స్నానం చేయించి, ఉతికిన చొక్కా తొడిగించి, పగుళ్లలో రాతిబురద పట్టిన ఆ పాదాలను ఇటుకముక్కతో తోమి, తెల్ల మేజోళ్లు, పెళ్లిళ్లకు తొడిగే నల్ల బూట్లు వేయించి మరీ తీసుకెళ్లింది. "పెద్ద చదువులు చదివిన మనిషి ముందుకి ఆ కాళ్లతోనా వెళ్తారు? నా పరువు పోదూ!" అంది. ఆ మేజోళ్ల సంగతి గుర్తు పెట్టుకోండి.

రక్తం తీశారు. డాక్టరు కళ్లజోడు సర్దుకుని కాగితం చూసి, "షుగర్. టైప్ టూ. రెండో రకం" అన్నాడు.

మేస్త్రి చిన్నబుచ్చుకున్నాడు. "నేను రెండో రకం సరుకు ఎప్పుడూ ముట్టలేదండీ. ఒకటో రకం లేదా?"

బావమరిది కిసుక్కున నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. నవ్వడానికి తీరిక ఉండాలి. బయట బెంచీల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. "ఈ మాత్ర పొద్దునా సాయంత్రం. తీపి మానేయాలి. నడవాలి. తిండి సంగతి ఆహారం గదిలో చెప్తారు" అని గంట కొట్టాడు. గంట మోగితే పక్కవాడి వంతు.

ఆహారం గది తలుపుకు తాళం. 'ఇప్పుడే వస్తాను' అని ఒక అట్టముక్క వేలాడుతోంది. తరువాత ఎన్నిసార్లు వెళ్లినా అట్ట అదే, తాళం అదే. తాళం మీద గూడు కట్టిన సాలీడుకు మనవలు పుట్టి, వాళ్లు వేరే గూళ్లు కట్టుకుని కాపురాలు పెట్టుకున్నారు గాని, ఆ గది మనిషి మాత్రం ఇప్పుడే వస్తూ ఉండిపోయింది.

అప్పట్నుంచి వీలున్నప్పుడల్లా బావాబావమరుదులు పని మధ్యలో జాగా దాటి పాత భవనానికి వెళ్లడం అలవాటైంది. పెళ్లాం ఆజ్ఞ ప్రకారం మేస్త్రి ప్రతిసారీ ఆ మేజోళ్లూ బూట్లూ తొడుక్కునే వెళ్లేవాడు. వెళ్లినప్పుడల్లా కొత్త డాక్టరే. మొదటాయన కళ్లజోడు డాక్టరు, తరువాతాయన దగ్గు డాక్టరు, ఆ తరువాతావిడ ఫోన్ డాక్టరమ్మ. ఈ పేర్లు పెట్టింది బావమరిది. ముగ్గురూ చెడ్డవాళ్లు కాదు. ముగ్గురూ అడిగేది ఒక్కటే: తీపి మానేశారా? నడుస్తున్నారా?

"నడవడమే నా పనండీ" అనేవాడు మేస్త్రి.

"గుడ్" అనేవాళ్లు. మాత్ర ఒకటికి రెండయ్యేది. గంట మోగేది.

అడగాలని ఇంటి దగ్గర అనుకుని వెళ్లినవన్నీ ఆ గంటకు బెదిరి కడుపులోకే పారిపోయేవి. రాత్రిళ్లు పాదాల్లో చీమలు పాకినట్టు ఎందుకుంటోంది? అదీ ఒక ప్రశ్నే. మేస్త్రి ఆ సంగతి ఇంట్లో చెప్పుకున్నాడు గాని, డాక్టరు ముందు చెప్పలేదు. చీమలు పాకుతున్నాయని పెద్దవాళ్లకు ఏం చెప్తాం, ఇల్లు ఊడ్చుకోమంటారు అనేవాడు. కొన్నాళ్లకు ఆ చీమలూ పోయాయి. "చూశావటే, మందు పట్టింది" అన్నాడు పెళ్లాంతో. ఆవిడ ఆ సంతోషంలో తన టీలో కూడా చక్కెర మానేసింది.

ఒకసారి నీళ్లు తాగి పనిలోకి వస్తూ జాగా దాటుతుంటే మేస్త్రి ఎడమకాలి చెప్పు ఇసుకలో ఉండిపోయింది. ఉత్తకాలితో మెట్లెక్కి లోపలిదాకా వెళ్లిపోయాడు. బావమరిది వెనక నుంచి చెప్పు చేత్తో ఊపుతూ, "బావా, నీ చెప్పు సెలవు పెట్టింది!" అని అరిచాడు. మేస్త్రి కాలు చూసుకుని, చెప్పు చూసుకుని పకపకా నవ్వాడు. కూలీలంతా నవ్వారు. ఆ నవ్వు బావమరిదికి తరువాత చాలాకాలం చెవుల్లో మోగింది.

ఇక అసలు సంగతి. మొదటిసారి అది జరిగినప్పుడు బావమరిది నమ్మలేదు. ఒక వసారా గచ్చు పూర్తయింది. మేస్త్రి కళ్లు మూసుకుని నడిచాడు. ఒక్క సున్నా చుట్టలేదు. "అద్దంరా!" అని చేతులు దులుపుకుని టీకి వెళ్లాడు. బావమరిది కరెంటు తీగ చుట్టడానికి వంగి, ఆనుకోవడానికి గచ్చు మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉండిపోయింది. అద్దమా! రేకుల షెడ్డు పైకప్పులా అలలు అలలుగా ఉంది. బావ ఏదో పరధ్యానంలో ఉన్నాడనుకుని, తీగ మళ్లీ విప్పి, ఎవరూ రాకముందే అరగదీసేశాడు.

ఆ తరువాతి గదిలోనూ అంతే. ఆ పై గదిలోనూ అంతే. పోనుపోను అదొక ఏర్పాటైపోయింది. మేస్త్రి తీర్పు చెప్పి టీకి వెళ్లడం, బావమరిది తీగ చుట్టే వంకతో వెనకబడి మోకాళ్ల మీద పాకుతూ, తడుముతూ, తీర్పు దిద్దడం.

చెప్పొచ్చుగా అంటారు. మీరైతే చెప్తారా? ఎవరి అరికాలి మాట మీద ఇన్నేళ్లు ముద్ద తిన్నాడో ఆ మనిషి ముందు నిలబడి, 'బావా, నీ అరికాలు అబద్ధాలాడుతోంది' అనడానికి నోరెలా వస్తుంది? పైగా ఇది జబ్బు పని అని ఇతనికి మాత్రం ఎవరు చెప్పారు? షుగర్ అంటే తీపి, తీపి అంటే నోరు. నోటి జబ్బు కాళ్లకెలా దిగుతుంది? వయసు మీద పడిందనుకున్నాడు. మేస్త్రి మాత్రం రోజురోజుకీ పొంగిపోతున్నాడు.

"చూశావురా బామ్మర్దీ! ఈమధ్య ఒక్క సున్నా పడటం లేదు. జబ్బొచ్చాకే నాకు పని వచ్చినట్టుంది. నీ చెయ్యి కూడా తిరిగిందిలే, కాదనను."

"నీ చలవే బావా" అనేవాడు బావమరిది. అని, అవతలికి తిరిగి మోకాళ్ల మీది రాతిబురద గీక్కునేవాడు.

ఒక్కసారి ధైర్యం చేశాడు. ఫోన్ డాక్టరమ్మ ఎదుట నిలబడి, "అమ్మా, ఇతని కాళ్లు..." అన్నాడో లేదో, బూటు కాలు ఒకటి వచ్చి అతని పాదం మీద పడింది. నోరు మూసుకోమని బావ చేసిన సైగ. సైగలా తగల్లేదు, రోకలి పడ్డట్టు తగిలింది. ఎంత గట్టిగా తొక్కుతున్నాడో ఆ తొక్కేవాడికే తెలియలేదు. "కాళ్లకేమైంది?" అంది డాక్టరమ్మ, ఫోన్ చెవిన పెట్టుకుంటూనే. "ఏం లేదండీ, నడక బాగుందంటున్నాడు" అన్నాడు మేస్త్రి. ఆవిడ కూర్చున్నచోటు నుంచే బల్ల కిందికి ఒకసారి చూసింది. తళతళలాడే బూట్లు, తెల్ల మేజోళ్లు. "గుడ్" అంది. గంట.

ఆసుపత్రి హాలు, దాని పక్క గది మిగిలాయి. రోగులు కూర్చునే పెద్ద హాలు, అదీ షుగర్ విభాగానిదే. గచ్చంతా తెల్లటి రాతిపొడి, మధ్యమధ్య గళ్లుగా గాజు పట్టీలు. కాంట్రాక్టరూ ఆసుపత్రి పెద్దలూ సాయంత్రం చూడటానికి వస్తామన్నారు. మేస్త్రి నడవకముందే బావమరిది ఈసారి దొంగతనంగా అంతా తడిమి, ఎగుడుదిగుడులన్నీ తీసేశాడు. ఒక్కచోట మాత్రం ఒక గాజు పట్టీ గచ్చు మీదికి గోటి మందాన లేచి ఉంది. దాన్నీ తిప్పేద్దామని మిషన్ కొమ్ములు పట్టుకున్నాడు. పట్టుకుని ఆగాడు.

దీన్ని ఉంచుదాం అనుకున్నాడు. ఇది పసిపిల్ల పాదానికైనా తగులుతుంది. దీని దగ్గర బావ ఆగితే, ఇన్నాళ్లూ నాదే భ్రమ, చెంపలేసుకుంటాను. ఆగకపోతే ఇవాళ నోరు విప్పి చెప్పేస్తాను, తిట్టినా కొట్టినా సరే. అన్నాళ్ల అబద్ధాల తరువాత అతను చేసిన ఒకే ఒక్క నిజాయితీ పని అది. నిజాయితీకి కూడా మంచిరోజు చూసుకోవాలి కాబోలు.

మిషన్ ఆగింది. హాలు నిశ్శబ్దమైంది. మేస్త్రి కాళ్లు కడుక్కుని, తుడుచుకుని, కళ్లు మూసుకుని బయల్దేరాడు. పెళ్లికొడుకు నడిచినట్టు నడిచాడు. గాజు పట్టీ దగ్గరికి వచ్చాడు. కుడికాలు దాని మీద పడింది, లేచింది, ముందుకు పోయింది. ఆగలేదు. ఆ గోడ దాకా వెళ్లి తిరిగి అదే దారిన వచ్చాడు. మళ్లీ దాని మీదే పడింది, మళ్లీ లేచింది. తీర్పు చెప్పేవాడి హుందాతనంతో అటూ ఇటూ పచార్లు చేసి, నడుం మీద చేతులు పెట్టుకుని కళ్లు తెరిచాడు.

తెరిచి, గావుకేక పెట్టాడు.

"ఎవడ్రా! ఎవడ్రా నా గచ్చు మీద రంగుకాళ్లతో నడిచింది? కళ్లు నెత్తికెక్కాయా? తెల్ల గచ్చురా అది! పీల్చేస్తుంది, మచ్చ జన్మలో పోదు!"

గచ్చు మీద ఎర్రటి అడుగులు. గాజు పట్టీ దగ్గర మొదలై, గోడ దాకా వెళ్లి, తిరిగి వచ్చి, అటూ ఇటూ పచార్లు చేసి ఉన్నాయి. ఒక్క కాలివే, కుడికాలివే. మేస్త్రి రంకెలు వేస్తూ ఆ అడుగుల వెంట నడిచాడు, దొంగను పట్టుకోవడానికి. నడిచిన కొద్దీ కొత్తవి పడుతున్నాయి.

"చెప్పరేంరా! నోట్లో ఏం పెట్టుకున్నారు?"

అందరూ అతని కాలి వంకే చూస్తున్నారు. బావమరిది వెళ్లి, బావ భుజం పట్టుకుని నెమ్మదిగా ఇసుక బస్తా మీద కూర్చోబెట్టాడు.

"నువ్వే బావా."

"నేనేంటి?"

"నడిచింది నువ్వే."

మేస్త్రి కాలెత్తి తిప్పి చూసుకున్నాడు. బొటనవేలి కింద అరికాలు చీలి ఉంది. గాజు పెంకు అందులోనే ఉండి తళుక్కుమంటోంది. చాలాసేపు అలాగే చూశాడు, ఎవరిదో కాలు తన ఒళ్లో పెట్టినట్టు. తరువాత వేలితో ఆ పెంకును తాకి చూసి, "నాకు తెలియలేదేమిట్రా?" అన్నాడు. పసివాడు అడిగినట్టు అడిగాడు.

పక్కనే ఆసుపత్రి. అంత అదృష్టం ఎందరికి ఉంటుంది! జాగా దాటితే చాలు. మొదటి గదిలో పెంకు తీసి, నాలుగు కుట్లు వేసి, "షుగర్ ఉందా? అయితే షుగర్ విభాగంలో చూపించుకోండి" అన్నారు. షుగర్ విభాగంలో, "గాయమా? అది సర్జరీ వాళ్లది" అన్నారు. సర్జరీ వాళ్లు, "ముందు షుగర్ దిగాలి. దిగిందని అక్కడ రాయించుకు రండి" అన్నారు. ఎవరి మాట వాళ్లకు న్యాయమే. అన్ని న్యాయాల మధ్యా నడవాల్సిన కాలు మాత్రం ఒకటే.

ఆ కాలు నడిచింది. రోజూ కట్టు మార్పించుకోవాలన్నారని రోజూ నడిచింది. కుర్చీబండి అడిగితే ఇచ్చేవాళ్లేమో. కానీ కుంటనివాడికి, మూలగనివాడికి, నవ్వుతూ నిలబడ్డవాడికి కుర్చీబండి ఎవరిస్తారు? లైన్లో నొప్పితో ఏడుస్తున్న ముసలమ్మలకు మేస్త్రి తన చోటు ఇచ్చేసేవాడు. "నాకేం నొప్పి లేదమ్మా, మీరు వెళ్లండి." అతని కర్మేమిటంటే, అది నిజం.

కట్టులోంచి వాసన మొదట పట్టింది అక్క. అప్పుడు గాని గంటలు మోగడం ఆగలేదు. అప్పుడు అందరూ వచ్చారు. కళ్లజోడు, దగ్గు, ఫోన్, ముగ్గురూ ఒకేసారి ఒకే మంచం చుట్టూ నిలబడి ఒకే కాలిని చూశారు, మేజోడు లేకుండా. మర్నాడు పొద్దున కుడికాలి బొటనవేలు తీసేశారు. గచ్చు మీద గీతను మొదట పసిగట్టే వేలు అదే.

వార్డులోంచి పంపేముందు ఒక కుర్ర డాక్టరు చీటీ మీద 'కాళ్ల గది' అని రాసిచ్చాడు.

"అదెక్కడండీ?" అన్నాడు బావమరిది.

"షుగర్ విభాగం పక్కన, రెండు తలుపుల అవతల."

ఇన్నాళ్లూ వాళ్లు కూర్చున్న బెంచీకి రెండు తలుపుల అవతల. తలుపు మీద పాదం బొమ్మ కూడా ఉంది. చెప్పుల కొట్టేమో అనుకునేవాడు బావమరిది. ఆ గదికి ఎవరూ ఎందుకు పంపలేదంటే, పంపాలంటే డాక్టరు రాయాలి, రాయాలంటే కాళ్లు చూడాలి, చూడాలంటే మేజోళ్లు విప్పాలి. మేజోళ్లు విప్పమని అడగాలంటే గంట కాసేపు ఆగాలి.

లోపల ఒక నర్సమ్మ ఉంది. నడివయసు మనిషి, గొంతు కాస్త గరుకు. మేస్త్రి రెండు పాదాలనూ తన ఒళ్లో పరుచుకున్న తువ్వాలు మీద పెట్టుకుంది. జీవితంలో మొదటిసారి మేస్త్రి సిగ్గుపడ్డాడు.

"రాతిబురద మనుషులమమ్మా, పగుళ్లు..."

"నాకు పాదాలే కావాలి మేస్త్రిగారూ, మొహాలు రోజూ చూస్తూనే ఉంటాను. కళ్లు మూసుకోండి. సన్నటి నైలాను పోగుతో ముట్టుకుంటాను. తగిలినప్పుడల్లా చెప్పండి."

కళ్లు మూసుకోమనగానే మేస్త్రి నడుం నిటారుగా అయింది. ఇది తన విద్య. కళ్లు మూసుకుని అరికాలితో చెప్పడం!

ఇక్కడొక మాట. ఏడు తివాచీలన్నాను గదా మొదట్లో. ఏడు లేవు. ఒకటే, అదీ అరిగి పోగులు లేచింది. అడుగున పెట్టింది వెంట్రుక కాదు, పురికొస ముక్క. ఆడా మగా చెప్పాడన్నది నా పైత్యం. అదేమిటయ్యా, ఆవగింజంత అబద్ధం లేదన్నావు అంటారేమో. ఆవగింజంతది లేదన్నాను గాని, తివాచీ అంతది ఉండదని అన్నానా?

సరే. నర్సమ్మ పోగు బయటికి తీసింది. "తగిలింది" అన్నాడు మేస్త్రి. కాసేపాగి, "తగిలింది" అన్నాడు. ఆవిడ కుర్చీ కిర్రుమంది, "ఇదిగో తగిలింది, మడమ దగ్గర." ఆవిడ చీర అంచు గరగరమంది, "తగిలింది." పరీక్షలో పక్కవాడి పలక చూసి రాసే పిల్లాడిలా, చెవితో కాపీ కొడుతున్నాడు. గోడకు ఆనుకుని చూస్తున్న బావమరిదికి మాత్రం అంతా కనిపిస్తోంది. నర్సమ్మ రెండు చేతులూ ఆవిడ ఒళ్లోనే ఉన్నాయి. పోగు బల్ల మీద ఉంది.

"తగిలింది" అన్నాడు మేస్త్రి మళ్లీ.

"నేనింకా ముట్టుకోలేదు మేస్త్రిగారూ" అంది ఆవిడ మెల్లగా.

మేస్త్రి కళ్లు తెరవలేదు. మూసిన రెప్పల కిందనుంచే నీళ్లు దిగాయి. వాటిని తుడుచుకోవాలని కూడా అతనికి తోచలేదు.

ఆవిడ తొందరపడలేదు. అతని ఊపిరి కుదుటపడేదాకా ఆ పాదాలను అలాగే పట్టుకుని కూర్చుంది. తరువాత చెప్పడం మొదలెట్టింది. షుగర్ ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే కాళ్ల నరాలు ఎలా మొద్దుబారతాయో, చీమలు పాకినట్టుండటం దాని మొదటి కబురని, ఆ చీమలు పోవడం మందు పట్టి కాదని చెప్పింది. రోజూ పాదాల అడుగున అద్దం పెట్టి చూసుకోవాలని, బూటులో కాలు పెట్టేముందు చెయ్యి పెట్టి తడమాలని, కళ్లకీ మూత్రపిండాలకీ కూడా పరీక్షలుంటాయని, ఏం తినాలో అక్కను తీసుకొస్తే ఇద్దరికీ కలిపి తనే చెప్తానని అంది. "అనుమానం వస్తే లైన్లో నిలబడొద్దు, తలుపు తోసుకుని రండి." ఇవన్నీ విని బావమరిది, ఇంతేనా, ఇంత మామూలు మాటలా అనుకున్నాడు. మొదటిరోజునే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే వేలు ఉండేది.

"ఇన్నాళ్లూ కాళ్లలో తేడా ఉన్నట్టు పక్కనున్నవాళ్లు కూడా గమనించలేదా?" అందావిడ, నిందించడానికి కాదు, మామూలుగానే.

బావమరిది నేల చూశాడు. చెప్పు సెలవు పెట్టింది. తీగ చుట్టాను. పట్టీ వదిలేశాను. మూడు మాటలూ నాలిక దాకా వచ్చి, అక్కడే కూర్చున్నాయి.

"పోయింది తిరిగొస్తుందా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

"రాదనే అనుకోవాలి. ఉన్నది కాపాడుకుందాం. ఇకనుంచి చెప్పుల్లేకుండా ఒక్క అడుగు కూడా వద్దు. ఇంట్లో కూడా."

ఉరిశిక్ష వేసే జడ్జీలు కూడా అంత మెత్తగా చెప్పరు. చెప్పుల్లేకుండా ఒక్క అడుగు వద్దంటే, అరికాలు మేస్త్రి అనేవాడు ఇక లేడని. మిగిలింది ఒక షుగర్ రోగి.

ఆవిడకు అతని మొహం చూసి ఏమనిపించిందో, "ఉండండి, ఇంకోసారి చూద్దాం" అని పోగు తీసి రెండు పాదాలూ మళ్లీ మొదట్నుంచీ వెతికింది. ఎడమ పాదం లోపలివైపు, గచ్చుకు ఎప్పుడూ ఆనని వంపులో, ఒకచోట పోగు వంగింది. మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. "ఇది! ఇది నిజంగా తగిలింది!" ఆవిడ మళ్లీ ముట్టుకుంది, ఈసారి చప్పుడు చేయకుండా. మళ్లీ చెప్పాడు. అక్కడ పెన్నుతో చిన్న చుక్క పెట్టింది. ఆవగింజంత చోటు. అంత పెద్ద పాదంలో అదొక్కటే మెలకువగా ఉంది.

గాయం మానాక ఒకరోజు మేస్త్రి కొత్త హాలుకు వచ్చాడు. కాళ్లకు నర్సమ్మ ఇప్పించిన మెత్తటి చెప్పులు, చేతిలో కర్ర. ఎర్రటి అడుగుల మచ్చలు గీకి గీకి తీశారు గాని, తెలిసినవాళ్లకు ఇంకా కనిపిస్తాయి. హాలు పక్కనున్న చివరి గది గచ్చు అప్పటికి పూర్తయింది. కాంట్రాక్టరు మర్యాదకు అక్కడ కుర్చీ వేయించాడు. మేస్త్రి కూర్చుని ఎడమ చెప్పు విప్పాడు.

"బావా! నర్సమ్మ ఏమంది?" అన్నాడు బావమరిది.

"నడవద్దంది. కూర్చుని ముట్టుకోవద్దని అనలేదు. నీ అక్కకు చెప్పావంటే నీ వీపు మీద మిషన్ తిప్పుతా."

ఆ వంపు గచ్చుకు ఆనాలంటే పాదాన్ని పక్కకు వాల్చాలి. కొంగ కాలు మడిచినట్టు, నడుం వంచి, రెండు చేతులతో తన పాదాన్ని తనే పట్టుకుని, ఆవగింజంత చోటును గచ్చు మీద ఆనించి, కొంచెం కొంచెంగా రాస్తూ పోయాడు. కళ్లు మూసుకున్నాడు. చెమట పట్టింది. కూలీలు నవ్వబోయి మానేశారు. ఎంతోసేపటికి ఆగాడు.

"ఇక్కడ. ఇక్కడొక గీత ఉందిరా బామ్మర్దీ."

సుద్దముక్కతో సున్నా చుట్టాడు. సున్నా సున్నాలా రాలేదు.

బావమరిది మోకాళ్ల మీద కూర్చుని, ఆ సున్నాలో అరచెయ్యి పెట్టాడు. అటు తడిమాడు, ఇటు తడిమాడు. ఒకసారి తలెత్తి బావ మొహం చూశాడు.

"ఉంది బావా" అన్నాడు.

లేచి, మిషన్ కొమ్ములు పట్టుకుని, ఆ సున్నా మీద తిప్పడం మొదలెట్టాడు. తెల్లటి రాతిపాలు పొంగి సున్నాను మింగేశాయి. మేస్త్రి కుర్చీలో వెనక్కి వాలాడు.

కథ ఇంతే. ఇక్కడితో వదిలేస్తే హాయిగా ఉంటుంది, నాకు తెలుసు. కాని మాట ఇచ్చి కూర్చున్నాను గనక చెప్పాలి. మేజోళ్లు నిజం, తాళం నిజం, ఎర్రటి అడుగులు నిజం, ఆ నర్సమ్మ నూటికి నూరుపాళ్లు నిజం. ఆ తివాచీలు పోను, నేను కల్పించింది ఒక్కటే, ఆ ఆవగింజంత చోటు. ఆవిడ పోగు పట్టుకుని రెండు పాదాలూ మళ్లీ వెతికిన మాట వాస్తవం. ఎక్కడా తగల్లేదు. చుక్క పెట్టడానికి చోటు దొరక్క పెన్ను మూత మళ్లీ పెట్టేసింది.

అయినా మేస్త్రి ఆ రోజు కుర్చీలో కూర్చుని చెప్పు విప్పాడు, పాదం వాల్చాడు, సున్నా చుట్టాడు. ఆ సున్నాలో గచ్చు అద్దంలా ఉంది. బావమరిది "ఉంది బావా" అన్న సంగతి మాత్రం నిజమే.